మధ్యమం దాటిన గట్టిమేళం

చేపల బజారులో గొడవ మొదలవుతోందని మీటరు ముల్లు చెప్పింది. కాత్యాయని చక్రాన్ని కాస్త ఎడమకు తిప్పి ఆ వీధి స్తంభాలకున్న నడకపెట్టెల్లో మోగే లయ తగ్గించింది. ఎదురుగా వీధుల్ని చూపే పలక మీద, వంజరం ముక్క దగ్గర ఒకరి మీదికొకరు ఎగబడుతున్న ఇద్దరు ఆడవాళ్లు నెమ్మదిగా చేతులు దించారు. అందులో ఒకామె నవ్వింది కూడా. మరీ తగ్గిస్తే బేరాలు మానేసి అక్కడే చతికిలబడతారు. ఆ సంగతి తెలుసు కనుక కాత్యాయని చక్రాన్ని ఓ పిసరు వెనక్కి తిప్పింది.

పక్క ముల్లు బస్టాండుది. దానికి చురుకు నడక. ఆస్పత్రి వీధికి విలంబం, నింపాది లయ. బడి వదిలే వేళకు బడి సందులో మూడేసి దెబ్బల తిశ్రం వేస్తే పిల్లలు గెంతుకుంటూ ఇళ్లకు పోతారు. కొత్త బందరు మూడో వార్డులో ఎవరికి ఎంత కోపం రావాలో, ఎంత హుషారు పుట్టాలో ఈ గదిలోంచే వడ్డించేవారు. ఏ వీధిలో జనం గుండెలు ఎంత జోరుగా కొట్టుకుంటున్నాయో ముళ్లు చూపించేవి. జనానికి మాత్రం పెట్టెలు మోగుతున్నట్టే తోచేది కాదు, అంత అలవాటైపోయింది పాపం.

ద్రుతం, ఆ అతి జోరు లయ ఒక్కటే ఎవరికీ లేదు. మధ్యమం అనే నడిమి లయ దాటిన చప్పుడు ఎక్కడ పుట్టినా పెట్టెలు పసిగట్టి మింగేసేవి.

"అదేంటమ్మాయ్, ఇవాళ నీకు సెలవు కదూ?" అంటూ పర్యవేక్షకుడు భుజంగరావు లోపలికొచ్చాడు.

"వెనక్కిచ్చేశానండీ."

"మీ పిన్ని పెళ్లి పెట్టుకునా? బాగానే ఉంది సంబడం!"

కాత్యాయని కొంగు దోపుకుని ముళ్లవైపు తిరిగింది. పట్టుచీర కట్టుకునే డ్యూటీకొచ్చిన పిల్ల ఏం బదులిస్తుంది చెప్పండి?

తల్లి పోయినప్పటి నుంచి ఆమెను పెంచింది సుభాషిణి పిన్నే. టిఫిన్ సెంటరు నడుపుతూ, పెనం ముందు నిలబడి నిలబడి యాభై దాటించింది. తనకంటూ ఇది కావాలని ఏనాడూ నోరు విప్పని మనిషి. ఏడాది కిందట గ్రైండరు పాడైతే పడవ ఇంజన్లు బాగుచేసే కోదండపాణి వచ్చాడు. చిన్నతనంలో జ్వరమొచ్చి అతని చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు, తను మాత్రం వీధి చివరికి వినబడేలా మాట్లాడతాడు. గ్రైండరు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని, "బేరింగు అరిగిందండీ!" అని అరిచాడు. పిన్ని ఉలిక్కిపడి పిండిగిన్నె జారవిడిచింది. ఆ తర్వాత ఆ గ్రైండరు నెలకోసారి పాడయ్యేది. ఎందుకు పాడయ్యేదో కాత్యాయని అడగలేదు.

నాలుగు రోజుల కిందట పెసరట్టు తిరగేస్తూ పిన్ని అంది: "ఆయనకి మంత్రం వినబడదు, సన్నాయి వినబడదు. డోలు గట్టిగా మోగితే మాత్రం గుండెల్లో తెలుస్తుందటే. చిన్నప్పుడు వాళ్లక్క పెళ్లిలో తెలిసిందంట. ఎవరో భుజం గోకి 'ఊఁ, కట్టు' అంటే మూట కట్టినట్టు తాళి కట్టడం ఏం బావుంటుంది? గట్టిమేళం ఆయన ఒంటికి తగలాలే."

"పెట్టెలు మింగేస్తాయి పిన్నీ. ఇప్పుడు పెళ్లిళ్లలో గట్టిమేళం అంటే డోలు మీద దుప్పటి కప్పినట్టే ఉంటుంది."

"తెలుసులే. నీ ఉద్యోగం మీదికి తేకు. ఊరికే అన్నాను."

ఆ 'ఊరికే' అన్న మాట కాత్యాయని మనసులో ఉండిపోయింది. మొదటిసారి ఒక కోరిక కోరి, కోరిన నోటితోనే వెనక్కి తీసుకుంది పిచ్చితల్లి. 'పెళ్లిలో నా పక్కన నువ్వు కూర్చోవాలి సుమా' అని పది మంది ముందు చెప్పుకుంది కూడా. పక్కన కూర్చుంటే చక్రం దగ్గర ఎవరుంటారు?

చిక్కల్లా ఒక్కటే. కల్యాణమండపం పెట్టెల్ని విడిగా ఆపడం కుదరదు. మింగుడు తీసేస్తే వార్డంతటా తీసేయాల్సిందే.

పలక మీద మండపం కనబడింది. పురోహితుడు మంగళసూత్రాన్ని అందరి చేతా తాకించి తెప్పిస్తున్నాడు. కాత్యాయని చెయ్యి మింగుడు ఆపే ఎర్ర మీట మీదికి వెళ్లడం భుజంగరావు చూశాడు.

"ఒద్దమ్మా!" ఆయన దగ్గరకొచ్చాడు. "ద్రుతం అంటే ఏంటో నీకు తెలీదు. మా ఊరి జాతరలో డప్పులు జోరెక్కాయి. జనం ఒక్కసారిగా ఉరికారు. మా అన్న చెయ్యి నా చేతిలోనే ఉంది, ఎప్పుడు జారిందో నాకు తెలీదు. ఆ ఏడే ఈ పెట్టెలు పెట్టారు."

కాత్యాయని చెయ్యి మీట మీదే ఆగింది. ఇన్నేళ్లుగా ఆయన ఈ సంగతి చెప్పనే లేదు. బజారులో ఇందాకటి ఆ ఇద్దరాడవాళ్లు, బస్టాండులో మెట్లు దిగుతున్న ముసలాయన, అందరూ పలక మీద కనబడుతున్నారు. వాళ్లకేమైనా అయితే?

"నాకూ భయంగానే ఉందండీ," అంది. "కానీ మా పిన్ని నన్ను ఇంకేమీ అడగలేదు, ఈ జన్మకి ఇదొక్కటే."

పురోహితుడు మేళం వైపు తిరిగి చెయ్యెత్తాడు. కాత్యాయని మీట కిందికి నొక్కింది.

డోలు మీద కర్రలు పడ్డాయి. మొదట వాయించేవాళ్లే అదిరిపడ్డారు. వాళ్ల చప్పుడు వాళ్లకు తిరిగొచ్చి ఎన్నేళ్లయిందో! మరుక్షణం ఒకరినొకరు చూసుకుని, పళ్లు బిగించి, మరి ఆగలేదు. కోదండపాణి సూత్రం పట్టుకున్న చేతులతో అలాగే నిలబడిపోయాడు. తన రొమ్ము వైపు వింతగా చూసుకున్నాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వాడు. తల వంచుకుని కూర్చున్న పిన్ని తలెత్తి ఆ నవ్వు చూసింది. ఆయన వంగి మూడు ముళ్లూ ఎవరూ చెప్పకుండానే వేశాడు. పిన్ని ఏడుస్తోంది. వెక్కి వెక్కి, ముక్కు ఎర్రబడేలా, పదిమందీ చూస్తుండగా ఏడుస్తోంది.

డోలు మోత వీధివీధికీ పాకి, వార్డు ముళ్లన్నీ ఎగిరి ఎర్రగీత దాటాయి. భుజంగరావు కుర్చీ వీపు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"చూడండి సార్. ఎవరూ ఉరకట్లేదు," అంది కాత్యాయని.

ఉరకలేదు. బజారులో ఆ ఇద్దరాడవాళ్లు అల్యూమినియం బేసిన్లు బోర్లించి వాయిస్తున్నారు. బస్సు డ్రైవరు బండి ఆపి, దిగి, చొక్కా చేతులు మడిచి చిందేస్తున్నాడు. ఆస్పత్రి వరండాలో ఒకాయన మంచమ్మీద లేచి కూర్చుని ఏడుస్తున్నాడు, నర్సు ఆయన వీపు నిమురుతూ తనూ ఏడుస్తోంది.

"మీట ఎత్తెయ్యమ్మా ఇంక," అన్నాడు భుజంగరావు నెమ్మదిగా. ఆయన చెంపలు తడిసున్నాయి.

కాత్యాయని మీట పైకెత్తింది. చక్రాన్ని విలంబం దాకా తిప్పింది. పెట్టెలు చెప్పినట్టే విన్నాయి. ముళ్లు మాత్రం కిందికి రాలేదు.

"దించలేదా?"

"దించానండీ. జనమే దిగట్లేదు."

ఆయన వచ్చి చక్రాన్ని తనే తిప్పి చూశాడు. బేసిన్లు ఆగాయి, చిందు ఆగింది, గుండెలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పైవాళ్లకి ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు.

ఫోను మోగింది. పిన్ని.

"ఎక్కడ చచ్చావే? తలంబ్రాలు పోసుకోబోతున్నాం. విన్నావా, విన్నావా అది?"

"లేదు పిన్నీ. ఈ గదిలోకి ఏ చప్పుడూ రానివ్వరు. మేం వింటే మా చెయ్యి తప్పుతుందని."

అవతల పిన్ని ఎవరితోనో ఏదో అంది. తర్వాత వీధి చివరికి వినబడే గొంతు ఒకటి ఏదో అరిచింది.

"అయితే వెంటనే రావే తల్లీ," అంది పిన్ని ఏడుస్తూనే నవ్వుతూ. "అదెలా మోగిందో నీకు మీ బాబాయి చెబుతారంట."