గోడకి తీసిన కొలతలు

కుట్టుమిషన్ ఆవిడ చచ్చిపోయింది పోయినేడు ఆగస్టు పంతొమ్మిదిన, తెల్లారగట్ల నాలుగింటికి. మూడంతస్తుల మేడలో, కింద వెనకగదిలో. మిషన్ మీదే వాలిపోయి, రెండు చేతులతో తన గొంతు తనే పట్టుకుని ఉందట. గోళ్ళు మెడలో దిగి రక్తం గడ్డకట్టి ఉందట. అన్యాయం జరిగిందని అప్పుడెవరూ అనలేదు. ఆయాసం మనిషి, పోయింది, అన్నారు. తలుపేసి ఎవరిదారిన వాళ్ళు పోయారు.

ఆ గదికి పేరొచ్చింది ఆ తర్వాతే.

అందులో పడుకున్నవాళ్ళ కొలతలు తీస్తుందట ఆవిడ. ముందు భుజాలు. తర్వాత ఛాతీ — దాని మీద కూర్చుని మరీ తీస్తుందట. చివరికి మెడ. టేపు చుట్టూ తిప్పి, బిగించి, ఇంకాస్త బిగించి... చెవిలో అంకె చెబుతుందట. ఏడాది తిరక్కుండా మూడు కుటుంబాలు దిగాయి, మూడూ సామాను సర్దుకున్నాయి. ఒక లారీ డ్రైవరైతే అర్ధరాత్రి ఊపిరాడక లేచి, పక్కలో ఉన్నది దెయ్యమనుకుని పెళ్ళాం గొంతు పిసికాడు. ఆ పిల్ల బతికింది గానీ గొంతు మాత్రం తిరిగి రాలేదు.

ఒక్కో కుటుంబం ఖాళీ చెయ్యగానే ఓనరు రంగులామెని పిలిచేవాడు.

రంగులామెకి వీధిలో రెండుకోట్లక్క అని పేరు. ఎంత పాడు గోడని చూపించినా "రెండు కోట్లు వేస్తే సరి" అంటుంది కాబట్టి. "రెండు కోట్లున్న మనిషివి, మాకు ఒక్క టీ పోయించలేవా" అని పనివాళ్ళు ఏడిపించేవాళ్ళు. పోయించేది కూడా. పనిమంతురాలు. ఆమెకి బ్రష్షు పట్టడం నేర్పిన మేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు — గోడకి రంగు తాకించే ముందు ఓ మూల పెన్సిలుతో తేదీ రాయాలి. రేపు ఆ రంగు పొంగి ఊడితే, తప్పు ఎవరిదో ఎప్పటిదో గోడే చెబుతుంది. పాతికేళ్ళలో ఒక్క గోడకీ ఆమె ఆ రాత తప్పలేదు.

అంత పద్ధతైన మనిషే తన సొంత చెల్లెల్ని తీసుకొచ్చి ఆ గదిలో దింపింది.

"అక్కా, గది మంచిదేనా? ఏవేవో అంటున్నారు."

"జనం నోళ్ళకి తాళాలుండవు. నేను రంగేసిన గది ఇది. గోడ అద్దంలా ఉంది, నీ మొహం చూసుకో."

రంగు చూసి గదిని నమ్మే బుద్ధి రంగులవాళ్ళకే ఉంటుంది.

రెండు నెలలైంది. చెల్లెలికి ముందు దగ్గు పట్టుకుంది. తర్వాత ఎగఊపిరి. ఆ తర్వాత అర్ధరాత్రి కళ్ళు తేలేసి, మెడ మీదనుంచి ఏదో లాగేసుకుంటున్నట్టు గీరుకోవడం. చెల్లెలి మొగుడు కలప అడితిలో దుంగలు మోసే మనిషి. తెలిసిన వైద్యం ఒక్కటే. బెల్టు తీసి బాదేవాడు.

"దెబ్బ నీక్కాదే. నీలో ఉన్నదానికి," అనేవాడట.

వాతలు మాత్రం చెల్లెలి వీపు మీదే తేలాయి.

ఒక సాయంత్రం ఆ పిల్ల పెదాలు నీలంగా మారితే అక్క ఆటోలో వేసుకుని పరిగెత్తింది. డాక్టరమ్మ వీపు చూసింది, పెదాలు చూసింది, మొగుణ్ణి బయటికి పొమ్మంది. అక్కని అడిగింది.

"గదికి కిటికీ ఉందా?"

"ఉండేది. అవతల మోటారు పెట్టుకోవడానికి ఓనరు ఇటుకలు పేర్చి మూసేశాడు."

"గోడలేమైనా నల్లబడ్డాయా?"

"...రంగేశాం."

"రంగేస్తే బూజు చస్తుందా అమ్మా? నిలవ రొట్టె మీద పట్టే బూజే అది. గోడలో తడి ఉన్నంతకాలం రంగు కిందే పెరుగుతుంది. దాని పొడి గాల్లో కలిసి ఈ పిల్ల ఛాతీలోకి పోతోంది. తడి ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు అది ఆపండి. కిటికీ తెరవండి. ఆ పరుపు బయట పారేయండి. అప్పటిదాకా ఈమె ఆ గదిలో పడుకోకూడదు. ఇంకో నెల అక్కడే ఉంచారంటే మళ్ళీ నా దగ్గరికి తేవక్కర్లేదు."

అక్క మందుల షాపు దగ్గర వరసలో నిలబడి వచ్చేసరికి బల్ల మీద చెల్లెలు లేదు. మరిది తీసుకుపోయాడు. దెయ్యం పట్టిన చోటే దాన్ని వదిలించాలని ఎవరో చెప్పారట వాడికి.

ఆమె ఇంటికెళ్ళి పనిసంచి భుజాన వేసుకుంది. అప్పటికే వాన మొదలైంది. వెనకగది దగ్గరికొచ్చేసరికి పది దాటింది. తలుపు లోపల గడియ. సందులోంచి మరిది గొంతు —

"చెప్పు. ఎవరు నువ్వు?"

బెల్టు చప్పుడు. ఏడుపు లేదు. ఆ స్థానంలో ఒక గుసగుస...

"ఆరు."

బెల్టు.

"పదకొండు."

బెల్టు.

"ఇరవై... ముప్ఫై ఆరు..."

 అక్క చెయ్యి తన పని మర్చిపోలేదు. సంచిలోంచి పుట్టీ బ్లేడు తీసి, సందులో దూర్చి, గడియ పైకి లేపింది.

లోపలి గాలి మొహాన కొట్టింది — నెలల తరబడి తడిసిన గోనెసంచి వాసన. బల్బు వెలుగులో మంచం. మంచం మీద చెల్లెలు, మెడ వెనక్కి విరిచి, రెండు చేతులతో తన గొంతు తనే పట్టుకుని. ఆ వెనకాల...

ఆ వెనకాల గోడ నిండా ఒక ఆడమనిషి.

నల్లటి తల. నల్లటి భుజాలు. రంగు పొంగి, పగిలి, ఆ పగుళ్ళలోంచి రెండు పొడుగాటి చేతులు మంచం దాకా సాగి ఉన్నాయి. అద్దంలాంటి గోడ అది. ఈమె రంగేసిందే.

"వదినా, రాకు. అదే మాట్లాడుతోంది," అన్నాడు మరిది.  మళ్ళీ బెల్టు ఎత్తాడు.

ఆమె ఆ బెల్టు లాక్కుంది. బకిల్ వైపు తిప్పి వాడి మొహం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఓ పన్ను ఊడి నేల మీద పడి దొర్లింది.

"దెబ్బ నీక్కాదయ్యా. నీలో ఉన్నదానికి."

వాడు నోటినిండా రక్తంతో మూలకి జారిపోయాడు. ఆమె చెల్లెల్ని చంకల కింద పట్టి ఈడ్చి, గుమ్మం అవతల వానగాలి తగిలేలా పడుకోబెట్టింది. కొంగు ముక్కుకి గట్టిగా కట్టుకుంది. సంచిలోంచి సుత్తి తీసి, గోడ మీద ఆడమనిషి తల మీద ఒక్కటిచ్చింది.

గోడ శబ్దం చెయ్యలేదు. కుళ్ళిన గుమ్మడికాయలా లోపలికి దిగబడింది.

రెండో దెబ్బకి భుజం రాలింది. మూడో దెబ్బకి ఛాతీ పగిలి నల్లటి నీళ్ళు మొహాన చిమ్మాయి. లోపల పైపు — పై అంతస్తు బాత్రూముది — నిలువునా చీలిపోయి, ఏనాటినుంచో గోడ కడుపులోకే కారుతోంది. ఆమె ఆగలేదు. పక్కగోడకి తిరిగి కిటికీ మూసిన ఇటుకల మీద పడింది. రెండు ఇటుకలు అవతలికి ఎగిరిపడ్డాయి. గాలి ఈల వేసుకుంటూ లోపలికొచ్చింది.

"ఏయ్... ఎవరి గోడనుకున్నావే."

ఓనరు. చేతిలో ఇనప రాడ్డు. ఆమె తిరిగేలోపే అది కుడిభుజం మీద పడింది. లోపలెక్కడో ఎముక పుటుక్కుమంది. రెండో దెబ్బకి రాడ్డు లేచేసరికి ఆమె ఎడమచేతిలోకి పుట్టీ బ్లేడు వచ్చేసింది. వాడి మణికట్టు మీద అడ్డంగా లాగింది. రాడ్డు ఖణేల్మని కింద పడింది. రక్తం గోడ మీదికి చివ్వున కొట్టింది.

"పైపు పగిలిందని నీకెప్పుడు తెలిసింది?" అంది. గొంతు పెంచలేదు.

వాడు మణికట్టు పట్టుకుని, పళ్ళు బిగించి, ఆమె వంక చూశాడు.

"నీకు తెలిసినప్పుడే. ఆవిడ నీకు చెప్పలేదూ?"



చెప్పింది. ఆ ముక్క రెండుకోట్లక్క ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, తనకి తనే కూడా. పోయినేడు ఈ గోడకి రంగెయ్యడానికి మొదటిసారి వచ్చినప్పుడు కుట్టుమిషన్ ఆవిడ బతికే ఉంది. మెడలో టేపు వేలాడేసుకుని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, బ్రష్షు పట్టుకుంది.

"వెయ్యకక్కా. లోపల తడుంది. రంగేశావంటే ఇంకెవరూ నా మాట నమ్మరు. పోనీ, ఆ మూల రాసుకున్నవైనా చెరపకు."

"ఎవరి కొలతలో కాగితం మీద రాసుకోక గోడ మీదెందుకమ్మా? తప్పుకో. రెండు కోట్లు వేస్తే సరి."

మూడోనాటి రాత్రే ఆ మనిషి పోయింది.

చిల్లుపడ్డ గోడ అంచున రంగు తోలులా వేలాడుతోంది. తర్వాత వేసిన కోట్లన్నీ కలిపి ఒకే మందం. ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టి లాగింది. పశువు చర్మం ఒలిచినట్టు ఇంతపొడుగు ఊడొచ్చింది. కింద పెన్సిలు రాత చెక్కుచెదరకుండా ఉంది. సన్నగా, వరసగా.

మరక, జూన్ ఒకటి — ఆరంగుళాలు.
జూన్ పదిహేను — పదకొండు.
జులై ఆరు — ఇరవై.
జులై ఇరవై ఏడు — ముప్ఫై ఆరు.

అవి మనిషి కొలతలు కావు. గోడవి. కుట్టేవాళ్ళ పద్ధతిలో టేపు పెట్టి, తనని చంపేదాన్ని ఆవిడ కొలుచుకుంటూ వచ్చింది. ఆ రాత మీద నాలుగు విడతల రంగుంది. చెల్లెలు దాన్ని చూసే దారి లేదు.

ఐదో వరస మీద ఇంకో పెళ్ళ అంటుకునుంది. అక్క దాన్ని గోటితో లేపబోయింది.

గుమ్మం బయట చెల్లెలు కళ్ళు మూసుకునే, తనది కాని గొంతుతో అంది.

"యాభై రెండు."

పెళ్ళ ఊడింది.

ఆగస్టు పదహారు — యాభై రెండు.

దాని కింద వేరే చేతిరాత. గుండ్రంగా, పొందిగ్గా, పాతికేళ్ళ అలవాటున్న చెయ్యి. తప్పు ఎవరిదో ఎప్పటిదో తెలియడానికని రాసింది.

మొదటి కోటు. ఆగస్టు పదహారు.