ఇత్తడి జాలీ

కర్నూలుకు ఎగువన కాలవ గట్టు మీద పడవల కొట్టం ఉండేది. దొరలు తనిఖీకి తిరిగే పెట్రోలు పడవ అందులోనే ఉండేది. దాని ఇంజను బాగోగులన్నీ పీర్ బాషా మిస్త్రీవి. ఇంజను గాలి పీల్చే మూతికి సన్నటి ఇత్తడి జాలీ బిగించాలి. లోపలి మంట ఎదురు తన్నినా ఆ జాలీ దాటి బయటికి రాదు. అది లేకుండా ఇంజను తిప్పకూడదని కొట్టం తలుపు మీదే రాసి పెట్టారు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒకనాడు జాలీకి మసి పట్టి, ఇంజను మాటిమాటికీ ఆగిపోతోంది. అవతల దొర తొందర పెడుతున్నాడు. బాషా జాలీ ఊడదీసి పడవను పంపేశాడు. తర్వాత కడిగి పెడదామనుకుని మరిచిపోయాడు. మర్నాడు పడవ నడిపే ఏసన్న ఇంజను తిప్పగానే, పడవ అడుగు పలకల కింద చేరిన పెట్రోలు ఆవిరి భగ్గుమంది. ఏసన్న మూడు రోజులు మూలిగి ప్రాణం విడిచాడు.

విచారణలో బాషా, "ఏసన్నే తీసుంటాడు దొరా" అన్నాడు.

ఏసన్న పెండ్లాం విశ్వాసమ్మ గట్టు మీద బాషాను ఆపి ఒక్కటే అడిగింది. "నిజమేనాప్పా? మా ఆయన చేతులారా చేసుకున్నాడా?"

బాషా తలూపాడు. ఆనాటి నుంచి ఆయనకు అన్నం సహించలేదు.

రెండు నెలలకు కొత్త పడవ వచ్చింది. పొద్దు గుంకే వేళ, కొట్టంలో ఒక్కడే ఆ పడవలో కూర్చుని దానికి జాలీ బిగించాడు బాషా. కాలవ నీళ్లు కదలడం లేదు. కప్ప కూడా అరవడం లేదు. తడి చెక్క వాసన మధ్య పెట్రోలు ఘాటు తగిలింది. కొత్త ట్యాంకులో ఇంకా చుక్క కూడా పోయలేదు... ఆ ఘాటు వెనకే కాలిన వెంట్రుకల కంపు.

పలకల కింద ఎవరో గోళ్లతో గీరారు. ఆగారు.

"బాషా... జాలీ పెట్నావా?"

"పె... పెట్నా ఏసన్నా."

"చూడు."

చూశాడు. మరలున్నాయి. జాలీ లేదు. ఎడమ చెయ్యి మండింది. పిడికిలి విప్పాడు... జాలీ అందులోనే ఉంది. వేడిగా.

"తీసిందెవరో నా పెండ్లానికి చెప్పు బాషా... ఇంట్లోనే ఉండాది."

బాషా పడవలోంచి దూకి గట్టు వెంట పరిగెత్తాడు. చెప్పేస్తాను, చెప్పేస్తాను అని గొణుక్కుంటూనే విశ్వాసమ్మ గుడిసె ముందు కూలబడ్డాడు. ఆమె బుడ్డిదీపం పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమప్పా, ఇట్ల వగరుస్తాండావు?"

"అమ్మా... ఆ పొద్దు జాలీ తీసింది..."

దీపం మంట వంగింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మంట ఆయన నోటి వైపే వంగింది. మాట ఆపాడు. అది నిటారుగా లేచింది.

"తీసింది?" అంది విశ్వాసమ్మ.

బాషా మళ్లీ నోరు తెరిచాడు. పళ్ల సందుల్లోంచి పెట్రోలు వాసన గుప్పుమంది. మంట జానెడు సాగి ఆయన పెదాలను వెతుక్కుంటూ వచ్చింది. చప్పున నోరు మూసుకున్నాడు.

విశ్వాసమ్మ అదంతా చూసింది. దీపం వెనక్కి తియ్యలేదు. ఇంకో అడుగు దగ్గరికి వచ్చి, దాన్ని ఆయన ముఖానికి ఎత్తి పట్టింది.

"చెప్పప్పా."