మూడో చప్పుడు

ఆ వంతెన గేటు దగ్గర రాత్రి కాపలా అంటే, ఎంత మొండివాడైనా నీళ్లు నమిలేవాడట.

నదికి ఈ ఒడ్డున ఈ ఊరు, ఆ ఒడ్డున ఇంకో దేశం. పగలంతా బస్సులు, లారీలు. రాత్రి పదింటికి ఈ ఒడ్డున ఇనుపరేకుల గేటుకు తాళం పడుతుంది. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు తప్ప తీయకూడదు. అలా మూశాక అవతల నుంచి ఎవరో తడతారనీ... తీస్తే ఎవరూ ఉండరనీ... తీసినవాడు బతికి బట్టకట్టడనీ చెప్పుకునేవారు.

ఉద్యోగం దిగిపోతున్న ముసలి కాపలాదారు, కొత్తవాడికి తాళాలగుత్తి అప్పగిస్తూ చెవిలో ఊదాడు.

"రెండుసార్లు చప్పుడైతే కదలకు. మూడోది వినపడితేనే మనిషి. దెయ్యాలకి రెండు దాటి లెక్క రాదురా!"

కొత్తవాడు పగలబడి నవ్వాడు. కానీ ఆ మాట బుర్రలో తిష్ఠ వేసుకుంది.

అతని చెల్లెల్ని అవతలి ఒడ్డునే ఇచ్చారు. నిండు చూలాలు. మంచి ఆసుపత్రి ఉన్నది ఈ ఒడ్డున. వాళ్లాయన లారీ ఎక్కితే వారం దాకా దిగడు. ఆ సాయంత్రం ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వంతెన మీద సిగ్నల్ ఉండదుగా. రాత్రి నొప్పులొస్తే నడిచొచ్చి గేటు తడతా. తీస్తావుగా?"

"నీ మొహం, తీయకేం? ఇంకా పది రోజులుందిగా. హాయిగా పడుకో."

ఆ రాత్రి నది ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. ఆ హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. రెండున్నర దాటింది...

ఠంగ్.

అతను దిగ్గున లేచాడు.

ఠంగ్...

తాళంచెవి పట్టుకుని గేటు దాకా వెళ్లాడు. చెల్లెలేమో — అనుకున్నాడు. కాదులే, పది రోజులుందిగా — అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "ఎవరూ?" అని అరిస్తే ఆ కేక హోరులో కలిసిపోయింది. మూడోది పడనీ... పడనీ... అనుకుంటూ రేకుకి చెవి ఆనించి నిలబడ్డాడు.

మూడోది పడలేదు.

తెల్లవారి మొదటి బస్సు కోసం గేటు తీశాడు. దాన్ని ఆనుకుని కూర్చున్న మనిషి అతని కాళ్ల మీద ఒరిగిపోయింది. చెల్లెలు. కట్టుబట్టలన్నీ నెత్తురు. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది. పిడికిలి మాత్రం ఇంకా బిగిసే ఉంది.

పరుగున వెళ్లి ముసలాయన ముందు కూలబడ్డాడు. "మూడోది పడలేదయ్యా..."

ముసలాయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "అయ్యో, ఎంత పని జరిగిందిరా... తాగుబోతులు తట్టి నిద్ర చెడగొడుతున్నారని, లేవకుండా ఉండటానికి సాకుగా నేనే పుట్టించానురా ఆ మాట! అక్కడ దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

ఎవరు వద్దన్నా వినకుండా అతను మళ్లీ కాపలాకి వెళ్లాడు. వరద తీసింది. హోరు ఆగింది. సరిగ్గా పదో రోజు రాత్రి, రెండున్నర దాటాక...

ఠంగ్.

ఒక్కటే.

ఇంకోటి పడుతుందేమోనని అతను చూడలేదు. మొదటి రెండూ ఆమె ఆ రాత్రే తట్టింది.

"వస్తున్నా తల్లీ..." అంటూ తాళం తీశాడు.