లోవమ్మ పేరులో అక్షరాలు

ఏజెంట్ అప్పారావు శవం ఐసు దిమ్మలో వచ్చింది. భీమవరం నుంచి, రొయ్యల వ్యానులో, రొయ్యల మధ్యనే. కళ్ళు తెరిచే ఉన్నాయి పాపం. పది గోళ్ళూ పీకేశారు. డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఏజెంట్ లోవమ్మ. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, వేలికి కెంపు ఉంగరం. ఏడుస్తున్నా ఎంత అందంగా ఉందంటే, చూడవచ్చినవాళ్ళు శవం సంగతే మర్చిపోయారు.

మర్నాడు పొద్దున్నే చీఫ్ రాజరత్నం ఏజెంట్ ఆరోన్‌ని పిలిచాడు.

"ఇవాళ పన్నెండింటికి సామర్లకోట జంక్షన్‌లో రైలు పేలుస్తారు. ఏ రైలో తెలీదు. బాంబు రొయ్యల పెట్టెల్లో ఉంది. సిగ్నల్ మాత్రం భీమవరం ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులోంచే వెళ్తుంది."

"బటన్ నొక్కేది ఎవరండీ?"

"ఓనరు వీరమ్మో, మేత డీలరు శ్యాంబాబో. లోవమ్మ రిపోర్టు అది. ఇంకో సంగతి, నీకొక్కడికే. నొక్కే మనిషి మన తెలుగుని పరాయి దేశంలో, క్లాసులో కూర్చుని నేర్చుకున్న మనిషి."

"ఇద్దర్నీ పట్టేస్తే?"

"చెయ్యి వేసేలోపే నొక్కేస్తారయ్యా. ముందు వాళ్ళ చేతులు ఖాళీ లేకుండా చెయ్యి."

పదకొండున్నరకి ఆరోన్ మ్యాజిక్‌వాడి వేషంలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నల్లకోటు, పెట్టుడు మీసం. పక్కన అసిస్టెంట్‌గా లోవమ్మ. వీరమ్మ మనవరాలి పుట్టినరోజుకి షో, ముందుగా శాంపిల్ చూపిస్తామన్నారు. ఆఫీసులో బల్లకి అటు వీరమ్మ, శ్యాంబాబు కూర్చున్నారు. బల్లమీద నీళ్ళగ్లాసులు, వాటి పక్కన ఐసు కొట్టే ఇనపసూది. ఆరోన్ అందరికీ తలా నాలుగు పేకముక్కలు పంచాడు.

"నాలుగూ కలిపి సగానికి చింపి, ఒక సగం మీద ఇంకో సగం పెట్టండి. లోవమ్మగారూ, సరదాకి మీరూ కానివ్వండి."

"కొత్త పేక చింపటమేంటండీ బాబూ!" అంది వీరమ్మ.

"చింపితేనేనండి మ్యాజిక్కు. ఇప్పుడు మీ పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని ముక్కలు, పైనుంచి ఒక్కొక్కటే తీసి అడుక్కి పెట్టండి."

"వీ... ర... మ్మ. మూడేనా? మా నాన్న పేరు దగ్గర కూడా పిసినారేనండి."

"శ్యాం, బా, బు. నాదీ మూడే. వదినగారూ, మనిద్దరికీ సరిపోయింది," అన్నాడు శ్యాంబాబు.

"పళ్ళికిలించకండి, ముక్కలు పడిపోతాయి."

లోవమ్మ మాట్లాడకుండా పెట్టింది. లో. వ. మ. ఆగింది. ఇంకొకటి పెట్టింది.

నాలుగు.

మ్మ మనకి ఒకటే అక్షరం. పలక పట్టిన పిల్లని అడిగినా చెబుతుంది. మ వేరు, దాని కిందున్న ఒత్తు వేరని గుర్తు గుర్తూ దిద్ది నేర్చుకున్నవాళ్ళకే అవి రెండు. పిఠాపురంలో పుట్టానన్నది ఈ మనిషే! శ్రద్ధగానే చదువుకుంది పాపం.

గోడ గడియారంలో పన్నెండుకి నిమిషం తక్కువ.

"పై మూడూ మధ్యలో దూర్చండి," అన్నాడు, గొంతు మారకుండా. "ఇప్పుడు పైది ఎడమచేతి కింద, అడుగుది కుడిచేతి కింద. చేతులు బల్లకి ఆనించి కళ్ళు మూసుకోండి."

వీరమ్మ, శ్యాంబాబు బుద్ధిగా మూసుకున్నారు. లోవమ్మ కూడా మూసుకుంది. ఆమె బొటనవేలు మాత్రం కెంపు మీదికి జరిగింది.

ఆరోన్ ఇనపసూది అందుకుని ఆ చేతిలోంచి బల్లలోకి దించేశాడు.

ఆమె కేకకి వీరమ్మ కుర్చీతో సహా వెనక్కి పడింది. శ్యాంబాబు బల్లకిందికి దూరాడు. ఉంగరం వేలినుంచి ఊడి రాలేదు. ఆరోన్ జేబులోంచి కత్తి తీసి వేలితో సహా తీసుకున్నాడు. అప్పుడే గడియారం పన్నెండు కొట్టింది.

"అప్పారావు ఎన్నో గోటికి నోరు విప్పాడు?" అనడిగాడు, వేలు తుడుస్తూ.

"పదికీ... విప్పలేదు."

"మరి పదీ ఎందుకు పీకావు?"

ఇంతలో ఫోన్ మోగింది.

"సామర్లకోటలో రైళ్ళన్నీ క్షేమం," అన్నాడు రాజరత్నం. "ఎలా కనిపెట్టావయ్యా?"

ఆరోన్ ఆమె చేతుల కిందున్న ముక్కలు తీసి కలిపి చూశాడు. ఆఠీను రాణి. రెండు సగాలూ సరిగ్గా అతికాయి. ఒకదానికే చిల్లు.

"మ్యాజిక్ బాగానే కుదిరిందండి. ఆవిడే ఒక్క ముక్క ఎక్కువ పెట్టింది."