గౌతమి ఫ్యాన్స్ నోరు విప్పిన రోజు

మెహరున్నీసా మీట నొక్కగానే కంపెనీ దగ్గింది.

అవును, కంపెనీయే. రాజమండ్రిలో ఓ కల్యాణ మండపం, గౌతమి ఫ్యాన్స్ లిమిటెడ్ వార్షిక సమావేశం. వేదిక మీద బిందెంత యంత్రం. అందులోంచి వచ్చింది దగ్గు. వాటాదారుల చేతుల్లో మైసూర్‌పాకు ముక్కలు నోటి దాకా వెళ్లి ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే సగంమంది ఏటేటా వచ్చేది ఆ మిఠాయి పొట్లాం కోసమే.

కంపెనీ సెక్రటరీ నాగలత మాత్రం తన పొట్లాం విప్పనే లేదు. ఇవాళ విలీనం ఖాయమైతే గౌతమి ఫ్యాన్స్ ఓ ముంబై కంపెనీ కడుపులోకి పోతుంది. ఫ్యాక్టరీ మూసేసి, ఆ స్థలంలో అపార్టుమెంట్లు లేపుతారు. పనివాళ్లంతా రోడ్డున పడతారు. ఎం.డి. వీర్రెడ్డి గారు కంపెనీ తరఫున సంతకం కూడా పెట్టేశారు. ఇక మిగిలింది ఒక్కటే తంతు. కొత్త చట్టం ప్రకారం, కంపెనీని ఇంకొకరికి ఇచ్చేసే ముందు దాని మాట కూడా వినాలి.

వినడమెలా? అందుకే డాక్టర్ మెహరున్నీసా ఈ వాయిస్ మెషీన్ కనిపెట్టింది. కంపెనీ పుట్టిన దగ్గర్నుంచీ చేసిన తీర్మానాలు, ఒప్పందాలు, కస్టమర్లకిచ్చిన మాటలు అన్నీ దానికి తినిపిస్తారు. అవన్నీ నెమరేసి, అలాంటి పనులు చేసిన మనిషి ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడుతుంది. సొంత కవిత్వం ఉండదు.

"ఏవండీ," అంది కంపెనీ. లేత గొంతు, గోదావరి యాస. "నన్నడక్కుండానే నాకు సంబంధం కుదిర్చేశారంట కదండీ?"

మండపం గొల్లుమంది.

ముంబై వాళ్ల లాయరు ప్రభంజన్ లేచాడు. "ఇదేమైనా వీధి నాటకమా? కంపెనీకి బుర్రెక్కడిది? డైరెక్టర్లే దాని బుర్ర!"

నాగలత మైకు లాక్కుంది. "అప్పు కావాలంటే కంపెనీ ఓ వ్యక్తి. జరిమానా కట్టాలంటే వ్యక్తి. డైరెక్టరు గారి ఇల్లు జప్తు కాకుండా అడ్డం నిలబడాలన్నా వ్యక్తే. నోరు విప్పేసరికి మాత్రం టేబుల్ ఫ్యానైపోయిందా, సార్?"

వెనక వరసల్లోంచి ఈలలు. ప్రభంజన్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరేనమ్మా, వ్యక్తే! ఒప్పుకున్నాను, రికార్డులో రాసుకోండి. ఏం గౌతమీ, ఒప్పందం మీద సంతకం నీ పేరు మీదేనా?"

"నా పేరు మీదేనండి."

"అయిపోయింది! సంతకం పెట్టిన వ్యక్తి మాట తప్పకూడదు."

నాగలత ఒప్పందం కాగితాలు గబగబా తిరగేసింది. తలెత్తితే, ప్రభంజన్ తల వెనక బ్యానరు. 'పదిహేడవ వార్షిక సమావేశం.'

"గౌతమీ," అంది మెల్లగా. "నీకెన్నేళ్లమ్మా?"

"వచ్చే శ్రావణానికి పద్దెనిమిది నిండుతాయండి."

"మైనరు!" నాగలత కేకకి మైకు కీచుమంది. "మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని లా మొదటి ఏడాది పిల్లల్ని అడిగినా చెబుతారు. వ్యక్తి అని ఒప్పుకుంది తమరే, సార్. రికార్డులో ఉంది!"

ప్రభంజన్ నోరు తెరిచాడు. ముందు వరసలోని ఓ మామ్మగారు ఆ నోట్లో మైసూర్‌పాకు ముక్క పెట్టింది. "తినండి బాబూ, మా పిల్లకి పెద్ద గండం తప్పింది." వీర్రెడ్డి గారికి తన నియామకపత్రం గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అదీ మైనరు ఇచ్చిందే మరి!

వ్యవహారం ట్రిబ్యునల్‌కి వెళ్లింది. విలీనం రద్దు. మైనరుకి గార్డియన్ కావాలి గనక, పిల్ల తరఫున వాదించిన నాగలతనే నియమించారు.

"పెళ్లి చేసుకోవే అంటే విన్నావు కాదు," అంది నాగలత తల్లి పడీపడీ నవ్వుతూ. "ఇప్పుడు చూడు, ఏకంగా పదిహేడేళ్ల పిల్లకి తల్లివైపోయావు!"

మర్నాడే మొదటి బోర్డు మీటింగు.

"సోలార్ ఫ్యాన్లు చేద్దామండీ," అంది గౌతమి.

"చిన్నపిల్లవి, నీకేం తెలీదు. నే చెప్పినట్టు విను," అంది నాగలత.

"నా మాట వినాలని మండపం అదిరేలా అరిచింది మీరే కదండీ? శ్రావణం దాకా మీ ఇష్టం. ఆ తర్వాత నా సంతకం నాదండి."

నాగలత మెహరున్నీసా చెవి దగ్గరికి వంగింది. "మెహర్, దీని నోరు మూసే మీట ఏదైనా ఉందా?"

"వినబడిందండీ!" అంది కంపెనీ.