ఓరగా తెరిచిన కోట తలుపు

"మా అన్నయ్య నన్ను లోపల పెట్టి తాళం వేశాడండీ! రెండింటికి నా రైలు. త్వరగా రండి!"

ఫోన్‌లో ఆ గొంతు విన్న పావుగంటకల్లా డిటెక్టివ్ టైళ్ల కార్ఖానా గుమ్మంలో ఉన్నాడు. వెనకే ఆయాసపడుతూ అసిస్టెంటు. గురువుగారి మీద భక్తి ఎంతో, పొట్ట కూడా అంతే ఉన్న మనిషి.

పోలీసుల మాట ఎత్తగానే అన్నయ్య విసుక్కుంటూ తాళం తీశాడు. గదికి ఒకటే కిటికీ, దానికీ ఊచలు. బల్ల మీద నలభై ఎనిమిది టైళ్లతో పేర్చిన పాత కోట బొమ్మ. బురుజులూ, రాళ్ల మీది నాచూ అన్నీ చెల్లెలు చేత్తో దిద్దినవే. మధ్యలో ఒక ఖాళీ, పక్కనే మూడు ముక్కలు. అది కోట తలుపు టైలు. సర్దుకున్న పెట్టె మీద కూర్చున్న చెల్లెలి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఏం జరిగింది?"

"ఏముందండీ! ఎక్కడో దూరాన పని నేర్పుతామని దీనికి పిలుపొచ్చింది. రేపు చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుందట. నేను వద్దన్నాను. నిన్న మధ్యాహ్నం బట్టీలోంచి తీసి, అన్నీ బాగున్నాయని చూసి నేనే గుడ్డ కప్పాను. సాయంత్రం లోపలికెళ్లింది ఇదొక్కతే. కోపంకొద్దీ పగలగొట్టింది. మళ్లీ చేసిచ్చేదాకా కదలనివ్వను."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఆరి, కాలి, చల్లారేసరికి పది రోజులు."

"కుంచెలు తెచ్చుకున్నానంతే! గుడ్డ ఎత్తనే లేదు." చెల్లెలు ఏడ్చేసింది.

"బట్టీలో సర్దిందెవరు?"

"ఈయనేనండీ, ఎవర్నీ ముట్టుకోనివ్వరు," అంది గుమ్మంలోంచి వదిన.

డిటెక్టివ్ తలుపు ముక్క తీసుకుని విరిగిన అంచును బొటనవేలితో రుద్దాడు. చెత్తబుట్టలోంచి ఒక పెంకు తీసి దాన్నీ రుద్దాడు. అసిస్టెంటు కూడా అలాగే చేశాడు. పెంకు అతని వేలు కోసింది.

డిటెక్టివ్ ముగ్గురినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"కాలాక పగిలిన పెంకు అంచు పదునుగా ఉంటుంది. మావాడి వేలే సాక్ష్యం. ఈ తలుపు ముక్కలు మాత్రం విరిగినచోట కూడా నున్నగా మెరుస్తున్నాయి. మంటకి గాజుపూత కరిగి అంచు మీదికి జారింది. అంటే ఇది కాలకముందే విరిగింది. నిన్న మీరు బాగుందని చూసిన టైలు లేనే లేదు."

అన్నయ్య తల దించుకున్నాడు. "చెయ్యి జారింది. పూత కరిగితే అతుక్కుంటుందేమోనని ముక్కలు దగ్గరగా పెట్టి కాల్చాను. అతుక్కోలేదు. నేరం దీని మీద వేస్తే పది రోజులైనా ఉంటుంది కదా అనిపించింది. అమ్మ పోయాక నేనే పెంచాను దీన్ని."

"పెంచి తాళం వేశారు," అంది వదిన.

చెల్లెలు కళ్లు తుడుచుకుని మూడు ముక్కలూ ఒకచోట చేర్చింది. "నీ చెయ్యి ఎప్పుడూ జారదు కదా అన్నయ్యా?"

"ఆ కోట తలుపు తెరిచి ఉండగా ఎవరూ చూడలేదు. నువ్వొక్కదానివే ఓరగా తెరిచి ఉన్నట్టు వేశావు. అది చూసి చెయ్యి వణికింది."

అసిస్టెంటు ముక్కు చీదాడు. ఒంటిగంటన్నర అయింది.

"ముక్కలే అతికించి పెట్టు. గీతలు కనపడినా ఫర్వాలేదు," అంది చెల్లెలు.

అన్నయ్య పెట్టె నెత్తికెత్తుకున్నాడు. వీధి మలుపులో ఏదో గుర్తొచ్చి వెనక్కి చూశాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. మూయడానికి వెనక్కి రాలేదు.