మూడొందల దెబ్బ

సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలు. పలాస డయాలసిస్ సెంటర్‌లో ఏడో నంబరు మంచం ఖాళీగా ఉంది.

పన్నెండున్నరకి నర్సు పేషెంట్‌కి ఫోన్ చేసింది. స్విచ్డ్ ఆఫ్. ఒంటిగంటకి ఇంటికి చేసింది. తల్లి నూకాలమ్మ ఎత్తింది. కొడుకు ఆదివారం సాయంత్రం ఆరింటికి బయటికి వెళ్లాడు. రాత్రి స్నేహితుడి దగ్గర పడుకుని, అటునుంచి అటే ఆసుపత్రికి పోతానన్నాడు.

ఏ స్నేహితుడి దగ్గరా పడుకోలేదు. ఆసుపత్రికీ రాలేదు.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ తల్లి వచ్చి పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది.

ఎస్.ఐ. పైడితల్లికి ఆ వారంలో అది మూడో మిస్సింగ్ కేసు. ఒకటి ప్రేమ. ఒకటి అలక. రెండూ ఆమె కదలకుండానే తేలిపోయాయి. ఇది కూడా అలాగే తేలితే బాగుండునని అనుకుంటూనే కంప్లయింట్ చదివింది. ఉమామహేష్, ఇరవై నాలుగేళ్లు. రెండు కిడ్నీలూ పోయి మూడేళ్లు. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్.

డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"ఆఖరిసారి ఎప్పుడు చేశారు?"

"శుక్రవారం."

"ఎన్నాళ్లు ఆగగలడు?"

"సోమవారం తప్పింది. బుధవారం కూడా తప్పితే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చు, మేడమ్."

బుధవారమంటే రేపు. పైడితల్లి ఫోన్ పెట్టేసి రెండు నిమిషాలు కళ్లు మూసుకుంది. ఆరేళ్లుగా ఉద్దానంలో పనిచేస్తోంది. ఈ ఆరేళ్లలో ఆమె చూసిన చావుల్లో కత్తి వల్ల పోయినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా ఈ రోగంతో నెమ్మదిగా పోయినవాళ్లే.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా అమ్మా?"

నూకాలమ్మ ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"ఇంకెవులమ్మా, మా అల్లుడే. నా కూతురు తమ్ముడికి కిడ్నీ ఇత్తానంది. ఈడు ఇవ్వనీనని కూకున్నాడు. గురువారం ఇశాపట్నంలో కమిటీ ముందర సంతకాలు. ఆలోపల నా కొడుకు మాయమైపోనాడు. ఇంకేటి సెప్పాల?"

అల్లుడి పేరు బాలకృష్ణ. ఆటో నడుపుతాడు. పది రోజుల కిందట కాశీబుగ్గ మార్కెట్‌లో నలుగురి ముందూ అరిచాడు. నా పెళ్లాం ఒంటి మీద కత్తి పడితే చూస్తూ ఊరుకోనని. విన్నవాళ్లు ఒకరు కాదు, ఆరుగురు.

పదింటికి పైడితల్లి వాళ్ల ఊరు చేరింది. జీడితోటల మధ్య రోడ్డు మీద అప్పటికే ముప్పైమంది పోగయ్యారు. బాలకృష్ణ చొక్కా చిరిగి ఉంది. పెదవి పగిలింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆమె వేరే కేసు రాసుకోవాల్సి వచ్చేది.

ఆటో వెనక సీటు మీద రక్తం.

రూపాయి బిళ్లంత మరక. ఎండి నల్లబడింది. సీటు సందులో మడతపెట్టిన చిన్న దూది ముక్క, దానికి అంటుకుని తెల్లటి టేపు. అదీ రక్తంతో తడిసి ఆరిందే. పైడితల్లి దాన్ని కవర్‌లో వేయించింది. గాయానికి కట్టు కట్టడానికి ప్రయత్నించి ఉంటాడు అనుకుంది.

"ఈ రక్తం ఎవరిది?"

బాలకృష్ణ పగిలిన పెదవి తుడుచుకున్నాడు.

"ఆదివారం సాయంత్రం ఎక్కడున్నావు?"

"కిరాయికెల్లినాను."

"ఎక్కడికి?"

"సోంపేట."

"ఎవరిని ఎక్కించుకున్నావు?"

"తెల్దు."

"సోమవారం?"

"కిరాయే."

"నీ బావమరిది బతికే ఉన్నాడా?"

అప్పుడు తలెత్తి చూశాడు. ఆ కళ్లలో భయం ఉంది. తప్పు చేసినవాడి భయమా, మరొకటా అన్నది ఆమెకి అంతుపట్టలేదు.

"నన్నేటి సేసినా పర్నేదు మేడమ్. నాను సెప్పడానికేటీ నేదు."

అరుగు మీద భార్య సుస్మిత నిలబడి ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. చేతిలో కిడ్నీ దానానికి అనుమతిచ్చే విశాఖపట్నం కమిటీ కాగితం. అది నలిగిపోయి ఉంది. మొగుడి వైపు చూడటం లేదు.

"మేడమ్, అతను కోపిష్ఠోడే. అయితే మనిషిని సంపేవోడు కాడు," అంది. ఆ మాట తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది.

జనం తగ్గే దారి కనిపించలేదు. బాలకృష్ణని అక్కడే వదిలితే ప్రాణాలతో ఉండడు. పైడితల్లి అతన్ని జీపెక్కించింది.

స్టేషన్‌కి తిరిగి వచ్చాక పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా, టెక్కలి దాకా ఉన్న డయాలసిస్ సెంటర్లన్నిటికీ ఫోన్ చేయించింది. ఎక్కడా ఆ పేరు లేదు. మధ్యాహ్నం రెండింటికి పలాస నర్సు నుంచి ఒక ఫోన్ వచ్చింది.

"మేడమ్, ఎనిమిదో మంచం పేషెంట్ నారాయణరావు గారు నిన్నట్నించీ ఒకటే మాట అంటున్నారు. ఏడో మంచం అబ్బాయి బతికే ఉన్నాడంట. నిన్న ఆయనతో గేమ్ ఆడాడంట."

నారాయణరావుకి యాభై ఎనిమిదేళ్లు. నాలుగెకరాల కొబ్బరితోట. మూడింటికి పైడితల్లి వెళ్లేసరికి వాకిట్లో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. లేవబోయాడు. వద్దంది.

"మీరు గేమ్ ఆడతారా?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు.

"నాలుగ్గంటలు ఆ మంచం మీద ఏటి సేత్తామమ్మా? సీలింగు సూత్తా ఉండాల. ఆ కుర్రోడే నేర్పినాడు. వాడు కత్తి పట్టి ముందరుంతాడు. నాను ఎనకాతల వైద్యుణ్ణి. వాడికి దెబ్బ తగిలితే ప్రాణం పోత్తా ఉంతాను."

"నిన్న ఎప్పుడు వచ్చాడు?"

"పన్నెండూ ఇరవైకి ఒచ్చినాడు. నాలుగూ పదికి ఎల్లిపోనాడు."

"మాట్లాడాడా?"

"ఎక్కడున్నావురా అనీసి నాలుగుసార్లు రాసినాను. ఒక్క ముక్క రాయనేదు."

"అతని ఫోన్‌తో ఇంకెవరైనా, సిమ్ తీసేసి వైఫై మీద ఆడి ఉండొచ్చు కదా?"

ఆయన ఆలోచించాడు. "అదీ నిజవే," అన్నాడు నీరసంగా.

పైడితల్లి మనసులో బాలకృష్ణ మెదిలాడు. మనిషిని మాయం చేసి, బతికే ఉన్నాడని నమ్మించడానికి గేమ్ తెరిచి పెడితే? గేమ్ కంపెనీని అడగాలంటే సైబర్ సెల్ ద్వారా వెళ్లాలి. పది రోజులు పడుతుంది. ఉన్నది ఒక్క రోజు.

"నిన్నటి ఆట చూపించగలరా?"

నారాయణరావు ఫోన్ తీసి పాత ఆటల జాబితా తెరిచాడు. ఉమామహేష్ పాత్రకి ఎప్పుడు ఎంత దెబ్బ తగిలిందో వరసగా అంకెలున్నాయి. వైద్యుడికి ఆ అంకెలే ముఖ్యమట.

"మూడొందలు, మూడొందలు, మూడొందలు... అన్నీ ఒకటే ఏంటి?"

"ఆ రాచ్చసుడి దెబ్బ పన్నెండొందలమ్మా. మన కవచాన్ని బట్టి కొంత ఆపుతాది. తోలుదైతే దాని లెవెలు మూడొందలు. సగం దెబ్బ ఆపుతాది. ఆరొందలు తగుల్తాది. కవచం లెవెలు ఆరొందలు చేత్తే నాలుగొందలు తగుల్తాది. తొమ్మిదొందల ఇనప కవచమైతే మూడొందలు."

పైడితల్లి నోట్‌బుక్‌లో రాసుకుంది.

"అంటే మొదటి మూడొందల కవచం ఆరొందల దెబ్బని ఆపింది. ఆఖరి మూడొందలు ఆపింది వందే."

"అదే మరి! ఎంత పెంచినా చివరాకరికి ఆపేది తక్కువే. పైగా ఇనపది బరువు. తొడిగితే పక్కకి గెంతనేరు. అందుకే కుర్రోళ్లెవులూ దాని జోలికెళ్లరు. తోలుది తొడుక్కుని తప్పించుకుంతారు. తగిలితే కదా ఆరొందలు!"

"గెంతాలంటే ఏం చెయ్యాలి?"

"ఎడం బొటనేలితో నడపాల. కుడి బొటనేలితో కొట్టాల."

"ఆదివారం ఆట చూపించండి."

ఆదివారం మధ్యాహ్నం. దెబ్బలు మూడే తగిలాయి. మూడూ ఆరొందలవే.

"శనివారం?"

ఆరొందలు.

"శుక్రవారం?"

మూడొందలు. మూడొందలు. పేజీ నిండా మూడొందలు.

పైడితల్లి ఫోన్ తిరిగి ఇచ్చింది. అందుకోవడానికి నారాయణరావు ఎడం చెయ్యి చాచాడు. మోచేతి దగ్గర మడతపెట్టిన దూది ముక్క. దాని మీద తెల్లటి టేపు.

"ఇదేంటి?"

"నిన్న సూదులు తీసినాక అంటించినారు. ఇంకా పీకనేదు. పీకితే ఒక్కోపాలి రగతం కారుతాది."

ఆమె చాలాసేపు ఆ టేపు వైపే చూసింది. తర్వాత నోట్‌బుక్ మూసి లేచింది.

"వాడు దొరుకుతాడా అమ్మా?"

"రేపు పన్నెండింటికి చెప్తాను."

జీపులో కూర్చున్నాక ఇచ్ఛాపురం స్టేషన్‌కి ఫోన్ చేసింది. అక్కడినుంచి ఒడిశా సరిహద్దు అవతల బరంపురం పోలీసుల నంబరు తీసుకుంది. వాళ్లకి ఒకే ఒక్క ప్రశ్న వేసింది. సాయంత్రం ఆరింటికి జవాబు వచ్చింది. అది విన్నాక ఆ రోజంతటిలో మొదటిసారి టీ పూర్తిగా తాగింది.

బుధవారం పదిన్నరకి జీపు బయల్దేరింది. వెనక సీట్లో ఒక చివర బాలకృష్ణ, రెండో చివర సుస్మిత. ఎక్కడికని ఇద్దరూ అడగలేదు. సోంపేట దాటింది. ఇచ్ఛాపురం దాటింది. బోర్డుల మీద ఒడియా అక్షరాలు మొదలవగానే బాలకృష్ణ ముందుకు వంగి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"మేడమ్... మాటిచ్చినాను మేడమ్."

"నువ్వేమీ చెప్పలేదు కదా. నీ మాట నిలబడింది," అంది పైడితల్లి.

బరంపురంలో ఓ ప్రైవేట్ డయాలసిస్ సెంటర్. పన్నెండూ నలభై. కిటికీ పక్క మంచం మీద ఉమామహేష్. ఎడం చేతికి రెండు సూదులు, రెండు గొట్టాలు. పొట్ట మీద ఫోన్. కుడి చేత్తో ఆడుకుంటున్నాడు.

తలెత్తి అక్కని చూశాడు. లేవబోయాడు. మిషన్ కూత పెట్టింది. నర్సు భుజం పట్టుకుని పడుకోబెట్టింది.

"నాలుగు దాకా ఎక్కడికీ పోలేవు. కంగారు పడకు," అంది పైడితల్లి. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె మోకాళ్లు నొప్పెడుతున్నాయి.

సుస్మిత మంచం పట్టీ పట్టుకుంది.

"సచ్చిపోనావనుకున్నాన్రా! ఆయన్ని అందరూ కొట్టినార్రా!"

ఉమామహేష్ బావ పగిలిన పెదవి చూశాడు. ఫోన్ బోర్లించేశాడు.

"ఎలా తెలిసింది మేడమ్?" అని మెల్లగా అడిగాడు.

"నీ కవచం పట్టించింది," అంది పైడితల్లి. "ఆదివారం నీకు తగిలిన దెబ్బలు ఆరొందలు. తోలు కవచం. సోమవారం పన్నెండూ ఇరవై నుంచి నాలుగూ పది దాకా అన్నీ మూడొందలే. ఇనప కవచం. అంత బరువుది ఎవరూ తొడగరన్నారు. పక్కకి గెంతలేరన్నారు. మరి తొడిగేదెవరు? గెంతే దారే లేనివాడు. ఎడం చెయ్యి కదపకూడనివాడు."

ఉమామహేష్ బోర్లించిన ఫోన్ వైపు చూశాడు.

"నీ ఫోన్ ఇంకెవరైనా దొంగిలించి ఆడితే, ఆదివారం ఏది తొడిగి ఉందో దాంతోనే ఆడతాడు. రెండు చేతులున్నవాడికి మార్చాల్సిన పనేముంది? శుక్రవారం కూడా నీవి మూడొందలే. డయాలసిస్ రోజు ఇనపది, మిగతా రోజుల్లో తోలుది. నారాయణరావు గారికి అది రోజూ చూసేదే. అందుకే ఆయనకి వింతగా అనిపించలేదు. నాకు అనిపించింది. సోమవారం నువ్వు డయాలసిస్ తప్పించుకోలేదు. చోటు మార్చావు, అంతే. మన వైపు ఎక్కడా లేవు. మిగిలింది ఈ ఊరే. ఆటోలో రక్తం, దూది, టేపు... అవి సూదులు తీసిన చోటివి. సోమవారం సాయంత్రం మీ బావే తీసుకెళ్లాడు కదా?"

"మా పెద్దమ్మ ఇంటికి. ఇచ్ఛాపురంలో," అన్నాడు బాలకృష్ణ. "ఆదివారం దింపింది కూడా నానే."

సుస్మిత మొగుడి వైపు తిరిగింది.

"ఎందుకు? నాకు సెప్పకుండా ఎందుకు?"

"బావని అడక్కక్కా. నానే కాళ్లు పట్టుకున్నాను," అన్నాడు ఉమామహేష్. "రేపు కమిటీకి నేనెల్లకపోతే ఆ తారీకు పోద్ది. అందాకా దాక్కుందారనుకున్నాను."

"నా కిడ్నీ వద్దని సెప్పొచ్చు కదరా!"

"నాలుగుసార్లు సెప్పినాను. నువ్వేడిసినావు. అమ్మ అన్నం మానేసింది. ఎదురుగా ఉండి కాదనలేనక్కా నేను." అతను మిషన్ వైపు చూస్తూ మాట్లాడాడు. "నిరుడు నీ క్రియాటినిన్ సున్నా పాయింట్ ఏడు. ఇప్పుడు ఒకటి. కిడ్నీ చెడే కొద్దీ పెరిగే అంకె అది. డాక్టర్లు నార్మలే అంటారు. నాదీ అలాగే మొదలైంది. నేను నార్మల్‌గానే ఉన్నానన్నారు. మన ఊరి నీళ్లో, మన ఒళ్లో, ఏటో ఎవులికీ తెల్దు. నీకున్న రెండింట్లో ఒకటి నాకిచ్చి, రెండోది పోతే? పిల్లల్ని ఈ మంచం పక్కన ఎవులు కూకోబెడతారు?"

సుస్మిత మంచం అంచున కూర్చుంది. బాలకృష్ణ గోడకి జారబడ్డాడు.

పైడితల్లి బయటికి వెళ్లి నూకాలమ్మకి ఫోన్ చేసింది.

"దొరికాడమ్మా. బాగానే ఉన్నాడు."

ఒక్కటే అడిగింది ఆ తల్లి.

"మిషనెక్కినాడా తల్లీ?"

"ఎక్కాడు. సోమవారం కూడా ఎక్కాడు."

తిరిగి వచ్చేసరికి అక్కాతమ్ముళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమెని చూసి ఆగారు. పైడితల్లి స్టేట్‌మెంట్ కాగితం తీసింది. నా ఇష్టంతోనే వెళ్లాను, ఎవరూ బలవంతం చేయలేదు. ఉమామహేష్ కుడి చేత్తో సంతకం పెట్టాడు. సాక్షిగా బాలకృష్ణ పెట్టాడు.

రెండో సాక్షి సుస్మిత. పెన్ను తీసుకుని తమ్ముడి వైపు చూసింది.

"రేపు ఇశాపట్నం నేనొక్కదాన్నే ఎల్తాను. ఇప్పుడు కాదు, ఆగండనీసి నేనే సెప్తాను. ఆర్నెల్లకి నాకు మళ్లీ అన్ని పరీచ్చలూ సేయించుకుంతాను. అంకె పెరిగితే ఈ మాట ఇంక ఎత్తను. పెరక్కపోతే నువ్వు నోరెత్తకూడదు. దాక్కోకూడదు."

ఉమామహేష్ బావ వైపు చూశాడు. బాలకృష్ణ భార్య వైపు చూశాడు. తర్వాత తలూపాడు.

"సరేనక్కా," అన్నాడు ఉమామహేష్.

సుస్మిత సంతకం పెట్టింది. పైడితల్లి కింద టైము వేసింది. రెండూ ఇరవై. ఆమె పని అయిపోయింది. వాళ్లకి బస్సు చెప్పి వెళ్లిపోవచ్చు.

మిషన్ పూర్తవడానికి ఇంకా గంటన్నర పైనే ఉంది. ఆమె డ్రైవర్‌ని భోంచేసి రమ్మంది. స్టూలు గోడ దాకా జరుపుకుని, వీపు ఆనించి కూర్చుంది.